కారు రంగుకు ఏ పొర కాపలా?

కొత్త కారు తాళాలు చేతికిచ్చే ముందు షోరూంలో ఇంకో కాగితం ముందుకు జరుపుతారు. టెఫ్లాన్ కోటింగ్, సిరామిక్ కోటింగ్, గ్రాఫీన్ కోటింగ్, పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్)... ఒక్కోదాని ఎదుట ఒక్కో ధర. కొన్ని వేలతో మొదలై లక్ష దాటిపోతుంది. ఇంటిల్లిపాదీ పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయల హడావిడిలో ఉంటారు. అన్ని లక్షలు పోసి కొన్న బండికి ఇంకొంచెం పెడితే రంగు చెక్కుచెదరదంటే ఎవరు మాత్రం కాదంటారు? సంతకం పెట్టేస్తారు. తాము కొన్నది ఏమిటో, అది దేన్నుంచి కాపాడుతుందో, దేన్నుంచి కాపాడదో అడిగేవాళ్లు తక్కువ. అడిగినా సూటిగా చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

ఆ కాగితం మీది పేర్లన్నిటి వెనకా ఉన్నది దాదాపు ఒకే కుటుంబం: పాలిమర్లు. చిన్న చిన్న అణువులు వరసగా కలిసి పొడవాటి గొలుసులైతే అది పాలిమర్. ఆ గొలుసులు అక్కడక్కడా అడ్డంగా ముడిపడితే చేపల వలలాంటి అల్లిక ఏర్పడుతుంది. ముడులు దగ్గరదగ్గరగా ఉంటే పొర గట్టిగా ఉంటుంది, కానీ పెళుసుబారుతుంది. దూరదూరంగా ఉంటే మెత్తగా సాగుతుంది, కానీ తేలిగ్గా నలుగుతుంది. కారు రంగు గురించి జరిగే వాదనల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. మిగతా సగం పొర మందం దగ్గర తేలతాయి. ఈ రెండు లెక్కలూ చూడకుండా పేరు చూసి కొంటే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

కాపాడుకోవలసిన రంగు కూడా పాలిమరే. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో కార్లకు గుర్రపుబగ్గీలకు వాడిన నూనె వార్నిషులే పూసేవారు. అన్ని పూతలూ ఆరి బండి బయటికి రావడానికి వారాలు పట్టేది. 1923లో డ్యుపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను తెచ్చింది. జనరల్ మోటార్స్ దాన్ని ఓక్‌లాండ్ కార్ల మీద నీలి రంగులో వేసింది. వారాల పని గంటల్లోకి దిగింది. ఆ తర్వాత ఆల్కిడ్ ఎనామెళ్లు, 1950లలో ఆక్రిలిక్ లాకర్లు, అటుపైన పాలియురెథేన్లు వచ్చాయి. పాలియురెథేన్ రసాయనానికి 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బేయర్, ఆయన సహచరులు పునాది వేశారు. అదే రసాయనం నేడు రంగు మీది పారదర్శక పూతలోనూ ఉంది, ఆ పూత మీద అంటించే ఫిల్ములోనూ ఉంది.

ఇప్పటి కారు రేకు మీద నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా విద్యుత్తు సాయంతో పట్టించే ఎపాక్సీ పూత అడుగున ఉంటుంది. దాని మీద ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్. అన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక 70 మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది. ఎండను, వానను, గీతలను, రెట్టలను నేరుగా ఎదుర్కొనే క్లియర్ కోట్ అందులో మూడో వంతు మందమే, దాదాపు 40 మైక్రాన్లు. అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు, కిరణాల వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను ఆపే రసాయనాలు ఆ పొరలోనే కలిపి ఉంటాయి. రబ్బింగ్ చేయించిన ప్రతిసారీ ఆ పొరలో కొంత అరిగిపోతుంది. పండగకోసారి మెషీన్ పాలిష్ పెట్టించేవాళ్లు కారుకు సేవ చేస్తున్నామనే అనుకుంటారు. నిజానికి అసలు రక్షణ కవచాన్ని పల్చన చేస్తున్నారు.

ఈ క్లియర్ కోట్ బలహీనత ఎక్కడుందో పరిశ్రమకు 1980ల చివర్లో అమెరికాలో బాగా తెలిసొచ్చింది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ రేవులో దిగిన కొత్త కార్లు యార్డుల్లో నిలిచి ఉండగానే బానెట్ల మీద మచ్చలు పడ్డాయి. ఆమ్ల వర్షపు చుక్కలు ఎండకు ఆరుతూ చిక్కబడి పొరను తినేశాయి. అప్పట్లో క్లియర్ కోట్లలోని ఆక్రిలిక్ గొలుసులను మెలమైన్ ముడులు పట్టి ఉంచేవి. ఆమ్లమూ వేడీ కలిస్తే ఆ ముడులు విడిపోతాయి. దాంతో రసాయనవేత్తలు ఆమ్లానికి లొంగని యురెథేన్, కార్బమేట్, సిలేన్ ముడుల వైపు మళ్లారు. కొత్త క్లియర్ కోట్ ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటుందో చూడటానికి జాక్సన్‌విల్ వేసవి ఎండలో పలకలను ఆరబెట్టి పరీక్షించడం పరిశ్రమలో ఆనవాయితీ అయింది.

తర్వాతి పోరు గీతల మీద. ఇక్కడ రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. 2003 చివర్లో మెర్సిడెస్ బెంజ్ అతి సూక్ష్మమైన సిరామిక్ కణాలున్న క్లియర్ కోట్ తెచ్చింది. పొర పైభాగంలో ఆ కణాలు దట్టంగా చేరి గీత పడకుండా అడ్డుకోవాలన్నది ఆలోచన. అంటే గట్టిదనం దారి. 2005లో నిస్సాన్, నిప్పాన్ పెయింట్‌తో కలిసి ఎదురు దారిలో వెళ్లింది. బాగా సాగే రెసిన్ కలిపి, చిన్న గీత పడినా కొద్ది రోజుల్లో దానంతటదే పూడుకునే పొర తయారు చేసింది. వాతావరణం వేడిగా ఉంటే తొందరగా, చల్లగా ఉంటే ఆలస్యంగా పూడుతుంది. ఇది సాగే గుణం దారి. నేటి మార్కెట్‌లో సిరామిక్ కోటింగ్ మొదటి దారికి వారసురాలు, పీపీఎఫ్ రెండో దారికి వారసురాలు. ఆ రెండింటి మధ్య పోలిక పెట్టేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు సంగతి అది. దాని మీద మనం పూసేవాటిలో అన్నిటికన్నా పాతది మైనం. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. సహజ మైనాల్లో ఇదే గట్టిది. తేనెమైనం 65 డిగ్రీలలోపే కరిగిపోతుంది. ఇవి పాలిమర్లు కావు, పొడవాటి కొవ్వు అణువుల ఎస్టర్లు. వాటి మధ్య ముడులుండవు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం నీడలోనే 45 డిగ్రీలున్నప్పుడు, ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ వేడి చేయి ఆనించలేనంతగా ఉంటుంది. మైనం అక్కడ మెత్తబడి దుమ్మును అంటించుకుంటుంది, షాంపూ తగిలితే కొంచెం కొంచెంగా పోతుంది. ఒక నెల, రెండు నెలలు నిలిస్తే గొప్ప. చల్లని దేశాల్లో మైనానికి ఉన్న పేరును చూసి ఇక్కడ దాని మీద ఆశలు పెట్టుకోవడం సరికాదు.

మైనాన్ని వెనక్కి నెట్టింది సిలికోన్. 1940లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త యూజీన్ రోచో సిలికోన్లకు కావలసిన ముడిసరుకును నేరుగా తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ పుట్టింది. యుద్ధం ముగిశాక సిలికోన్ నూనెలు కారు పాలిష్‌లలోకి వచ్చేశాయి. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి పేర్చిన ఈ గొలుసుకు ఉపరితల తన్యత చాలా తక్కువ. ఒక్క చుక్క వేసి బట్టతో రాస్తే దానంతటదే పరుచుకుంటుంది, సన్నని గీతల్లోకి దిగి నింపుతుంది, కాంతి చెదరకుండా చేస్తుంది. అరగంటలో కారు కొత్తదిలా కనిపించడానికి కారణం ఇదే. గీతలు పోవు, కప్పబడతాయి. నాలుగు కడుగుళ్ల తర్వాత మళ్లీ బయటపడతాయి. మామూలు సిలికోన్ నూనె రంగును గట్టిగా పట్టుకోదు కాబట్టి రసాయనవేత్తలు గొలుసుకు అమైన్ కొక్కేలు తగిలించారు. అవి పెయింట్ ఉపరితలాన్ని పట్టుకుంటాయి. ‘పాలిమర్ సీలెంట్’ అని అమ్మే చాలా సీసాల్లో పని చేసేది ఈ అమైనో సిలికోనే. జాగ్రత్తగా వేస్తే నాలుగైదు నెలలు నిలుస్తుంది, ధర తక్కువ, ఇంటి దగ్గర ఎవరైనా పూసుకోవచ్చు. ఈ మొత్తం అంగట్లో పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా న్యాయం చేసేది ఇదేనన్నది ఈ వ్యాసకర్త నమ్మకం.

టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో మాత్రం ఇదే సిలికోన్ అంటే హడలిపోతారు. రేకు మీద దాని జాడ ఏ మాత్రం మిగిలినా కొత్త పెయింట్ అక్కడ పరుచుకోక చేపకన్నులాంటి గుంటలు పడతాయి. మళ్లీ పేపరు పట్టి రుద్ది మొదటి నుంచి వేయాలి. అందుకే అక్కడ వాడే కాంపౌండ్ల మీద సిలికోన్ లేదని ప్రత్యేకంగా రాసి ఉంటుంది.

టెఫ్లాన్ కథ వేరు. 1938లో డ్యుపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న పీటీఎఫ్‌ఈ అనే పాలిమర్‌కు అది వ్యాపార నామం. దాని పేరుప్రతిష్ఠలన్నీ దోసె పెనం మీద వచ్చినవి. పెనం మీద అది పొరగా పట్టాలంటే ఫ్యాక్టరీలో 327 డిగ్రీలకు పైగా వేడి చేయాలి. అప్పుడే దాని రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కారు క్లియర్ కోట్ ఆ వేడిలో మాడి బొగ్గవుతుంది. మామూలు వేడిలో పాలిష్‌తో పాటు రుద్దిన పీటీఎఫ్‌ఈ పొడి పొడిగానే ఉంటుంది. దేనికీ అంటకపోవడమే దాని సుగుణం, పెయింట్‌కు కూడా అంటదు. కాబట్టి షోరూంలో ఆ పేరుతో చేసే పూతలో మెరుపు వస్తే అది అందులోని సిలికోన్, మైనాల వల్ల వచ్చినదే. ఆ పేరుకు వేలు పోయనక్కర్లేదు.

ఇక సిరామిక్ కోటింగ్. పేరు విని పింగాణీ పొర అనుకుంటారు. సీసాలో ఉండేది పింగాణీ కాదు, ద్రవరూపంలోని సిలికాన్ పాలిమర్లు. కొన్నింటిలో ఆల్కాక్సీ సిలేన్లు, సిలోక్సేన్ రెసిన్లు ఉంటాయి. ఖరీదైనవాటిలో పాలీసిలజేన్లుంటాయి. సిలికాన్, నైట్రోజన్ ఒకటి విడిచి ఒకటి ఉన్న గొలుసులివి. జర్మనీకి చెందిన మెర్క్ సంస్థ ‘డ్యురజేన్’ పేరుతో అమ్మేవి ఈ రకమే. గాలిలోని తేమ తగలగానే నైట్రోజన్ అమోనియాగా వెళ్లిపోతుంది, దాని స్థానంలోకి ఆక్సిజన్ వస్తుంది, గాజులో ఉండే సిలికాన్-ఆక్సిజన్ బంధాలు దట్టంగా అల్లుకుంటాయి. మైనంలా తేలికగా కరిగిపోని పొర ఏర్పడుతుంది.

వేసే పద్ధతి దగ్గరుండి చూస్తే ఇది ఎంత ఓపిక పనో అర్థమవుతుంది. ముందు కారును కడిగి, క్లే అనే మెత్తని ముద్దతో రుద్ది, మెషీన్ పాలిష్‌తో గీతలు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడుస్తారు. చిన్న స్పాంజి దిమ్మెకు మెత్తని స్వెడ్ గుడ్డ చుట్టి, దాని మీద కొన్ని చుక్కలు వేసి, రెండడుగుల మేర నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాస్తారు. ద్రావణి ఎగిరిపోతుంటే పొర మీద ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. అదను చూసి అప్పుడే మైక్రోఫైబర్ గుడ్డతో సమం చేయాలి. తొందరపడితే పూత గుడ్డకు వచ్చేస్తుంది. ఆలస్యమైతే అక్కడ నల్లటి మచ్చలా గట్టిపడుతుంది, మళ్లీ మెషీన్ పెడితే తప్ప పోదు. వేడి, తేమ మారితే ఆ అదను కూడా మారుతుంది. విశాఖ ఉక్కలో పట్టే సమయం, అనంతపురం పొడి గాలిలో పట్టే సమయం ఒకటి కావు. ఒక రోజు నీళ్లు తగలకూడదు, పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. కస్టమర్ చెల్లించే డబ్బులో ఎక్కువ భాగం సీసాలోని మందుకు కాదు, దానికి ముందు జరిగే ఈ తయారీకి. తయారీ సరిగ్గా లేకపోతే గీతల మీదే పూత వేసి ఆ గీతలను భద్రపరిచినట్టవుతుంది.

అంత కష్టపడి వేసిన పొర మందం సాధారణంగా ఒకటి, రెండు మైక్రాన్లు. దీన్ని బట్టే దాని హద్దులు తెలుస్తాయి. రాయి తగిలితే అది ఆపలేదు, తాళం చెవి గీతను ఆపలేదు. ‘9హెచ్ గట్టిదనం’ అనే మాటను వజ్రం గట్టిదనం కొలిచే మోస్ స్కేలుతో కలిపి చెబుతుంటారు, అది తప్పు. 9హెచ్ అన్నది పెన్సిల్ పరీక్ష. వేర్వేరు గట్టిదనం ఉన్న పెన్సిళ్లతో పూత మీద గీసి ఏది గాటు పెడుతుందో చూస్తారు. ఆ వరసలో చివరి పెన్సిల్ 9హెచ్. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్, బంకమట్టిల మిశ్రమం. రోడ్డు దుమ్ములోని ఇసుక క్వార్ట్జ్, మోస్ స్కేలు మీద 7. కిటికీ గాజునే గీయగలదు. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడిస్తే ఏ 9హెచ్ పూతా గీతలను ఆపదు.

అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుందన్న మాట కూడా మందం దగ్గరే తేలిపోతుంది. కిరణాలను పీల్చే శక్తి పొర మందాన్ని బట్టి ఉంటుంది. 40 మైక్రాన్ల క్లియర్ కోట్ చేసే పనిలో ఒక మైక్రాన్ పూత చేయగలిగింది స్వల్పం. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు శుద్ధమైన సిలికా అడ్డే రాదు.

మరి సిరామిక్ కోటింగ్ దేనికి? దానికి నిజమైన ప్రయోజనాలే ఉన్నాయి. మురికి గట్టిగా పట్టుకోదు, కడగడం తేలిక, షాంపూల రసాయనాలకు చెదరదు, పిట్ట రెట్ట తుడిచేయడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. ఈ చివరిది చిన్న విషయం కాదు. టెహ్రాన్‌లోని అమీర్ కబీర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెట్టలోని జీర్ణ ఎంజైములు క్లియర్ కోట్‌ను ఎలా తింటాయో అధ్యయనం చేశారు. రెట్టకు బదులు వాళ్లు ప్రయోగశాలలో వాడింది పాంక్రియాటిన్, జంతువుల క్లోమం నుంచి తీసే ఎంజైముల మిశ్రమం. వేడి ఎక్కువైతే, క్లియర్ కోట్ అప్పటికే ఎండకు ముదిరి ఉంటే నష్టం పెరుగుతుంది. వేపచెట్టు నీడ చూసి కారు నిలిపితే ఎండ తప్పుతుంది, రెట్టలు తప్పవు. సాయంత్రానికల్లా తడిగుడ్డతో నానబెట్టి తీసేస్తే ఏ పూతా లేని కారు కూడా బాగానే ఉంటుంది.

నీళ్లు ముత్యాల్లా జారడం ఈ వ్యాపారానికి ముఖచిత్రం. తామరాకు మీద నీటిబొట్టు నిలవని వైనాన్ని బాన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్త్‌లాట్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆకు మీది మైనంతో పాటు కంటికి కనపడని బొడిపెలే దానికి కారణమని చూపించాడు. బొట్టు అంచు ఆకుతో చేసే కోణం అక్కడ 150 డిగ్రీలు దాటుతుంది. కారు పూత నునుపుగా ఉండాలి, లేకపోతే మెరుపు ఉండదు. నునుపైన ఉపరితలం మీద ఫ్లోరిన్ రసాయనాలు వాడినా ఆ కోణం 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మంచి సిరామిక్ పూతలు 100 నుంచి 115 మధ్య ఉంటాయి. బొట్టు గుండ్రంగా నిలబడటం వేరు, జారిపోవడం వేరు. నిలబడిన బొట్టు ఆరిపోతే అందులోని సున్నం, మెగ్నీషియం లవణాలు, సిలికా ఉంగరంలా మిగులుతాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లతో కారు కడిగి ఎండలో వదిలేసేవాళ్లకు ఈ ఉంగరాలు బాగా తెలుసు. సిరామిక్ పూత ఉన్న కారు మీద అవి ఇంకా స్పష్టంగా పడతాయి. కడిగిన వెంటనే తుడవాలన్న నియమం పూత వేయించాక మరింత గట్టిగా పాటించాలి.

గ్రాఫీన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ అనే శాస్త్రవేత్తలు వేరుచేసిన ఆ పదార్థం అద్భుతమైనదే, 2010లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అయితే అది ఒక్క పరమాణువు మందమున్న పొరలోనే 2.3 శాతం కాంతిని మింగేస్తుంది. పారదర్శకమైన పూతలో దాన్ని కలపగలిగేది బహు స్వల్పం. అసలు పని అక్కడా సిలికాన్ రెసిన్లదే. అందువల్ల మామూలు సిరామిక్ కోటింగ్ కన్నా ఎక్కువ ధర పెట్టడానికి కారణం కనపడదు.

రాళ్ల దెబ్బలను, గీతలను నిజంగా ఆపేది పీపీఎఫ్ ఒక్కటే. కారణం మళ్లీ మందమే. ఇది 150 నుంచి 200 మైక్రాన్లుంటుంది, అంటే ఫ్యాక్టరీ రంగు పొరలన్నీ కలిపినా అంతకన్నా తక్కువే. దీని మూలాలు వియత్నాం యుద్ధ కాలంలో ఉన్నాయి. హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక, రాళ్లు తినేయకుండా 3ఎం సంస్థ పాలియురెథేన్ టేపులు చేసింది. తర్వాత అవి రేసు కార్ల ముక్కుల మీదికి, అక్కణ్నుంచి మామూలు కార్ల మీదికి వచ్చాయి. నేటి ఫిల్ములో అడుగున ఆక్రిలిక్ జిగురు, మధ్యలో థెర్మోప్లాస్టిక్ పాలియురెథేన్ అనే టీపీయూ, పైన తనంతట తాను పూడుకునే సన్నని పూత. టీపీయూ గొలుసులో గట్టి ముక్కలూ మెత్తటి ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. రాయి తగిలితే మెత్తటి ముక్కలు సాగి దెబ్బను మింగుతాయి, గట్టి ముక్కలు మళ్లీ యథాస్థానానికి లాగుతాయి. పైపూతలో పడ్డ సన్నగీతలు ఎండ వేడికో గోరువెచ్చని నీళ్లకో పూడుకుంటాయి. ఫిల్ము లోతుగా తెగితే మాత్రం పూడదు.

మోసం జరిగేది ఇక్కడే. టీపీయూలో రెండు జాతులున్నాయి. ఆరోమాటిక్ ఐసోసయనేట్లతో చేసినది చవక, కానీ ఎండకు పచ్చబడుతుంది. ఆలిఫాటిక్ రకం పచ్చబడదు, ధర ఎక్కువ. ఇంకా చవకగా పీవీసీ ఫిల్ములు కూడా పీపీఎఫ్ పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. పీవీసీ సహజంగా బిరుసు. దాన్ని మెత్తబరిచే రసాయనాలు మన ఎండలకు నెమ్మదిగా బయటికి వచ్చేస్తాయి. ఫిల్ము ముడుచుకుంటుంది, పగులుతుంది, తీసేటప్పుడు ముక్కలుముక్కలుగా వస్తూ జిగురును రంగు మీద వదిలేస్తుంది. ‘టీపీహెచ్’ అనే పేరుతో వచ్చే చాలా ఫిల్ములు మెరుగుపెట్టిన పీవీసీయే. తేడా తెలుసుకోవడానికి చిన్న ముక్క అడిగి లాగి చూడవచ్చు. టీపీయూ రబ్బరులా సాగి వెనక్కి వస్తుంది, పీవీసీ సాగినచోటే ఉండిపోతుంది.

కారు పూతల చర్చల్లో అన్యాయం జరిగేది హెడ్‌లైట్లకు. ఒకప్పుడవి గాజు. అమెరికాలో 1980ల మధ్య నుంచి పాలీకార్బొనేట్ రాజ్యమేలుతోంది. రాయి తగిలినా పగలదు, బరువు తక్కువ, ఏ ఆకారంలోనైనా పోతపోయవచ్చు. కానీ ఆ పాలిమర్ అతినీలలోహిత కిరణాలకు పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీలో దాని మీద గట్టి రక్షణ పూత వేస్తారు. ఆరేడేళ్లకు ఆ పూత అరిగాక లైటు మసకబారుతుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దితే నాలుగు రోజులు తెల్లగా కనిపించి, మిగిలిన పూత కూడా పోయి, ముందుకన్నా తొందరగా పచ్చబడుతుంది. సరైన పద్ధతి వేరే ఉంది. సన్నని పేపరుతో పాత పూత పూర్తిగా తీసి, పాలిష్ చేసి, యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోట్ వేయాలి, లేదా ఆ మేరకు పీపీఎఫ్ అంటించాలి. బానెట్ మెరవకపోతే ప్రాణం పోదు, రాత్రి హైవే మీద దారి కనపడకపోతే పోతుంది. చేతిలో ఉన్నది కొద్ది డబ్బే అయితే మొదటి ఖర్చు దీనికే పెట్టాలి.

పూతలన్నిటికన్నా రంగు ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేది కడిగే పద్ధతి. ఎండలో నల్ల కారును చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా కనిపించే సన్నగీతలు చాలావరకు కడిగినప్పుడు, తుడిచినప్పుడు పడినవే. తెల్లవారుజామున సెల్లార్‌లో ఒకే బకెట్, ఒకే పాత గుడ్డతో పది కార్లు తుడిచే కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఎవరూ నీళ్లూ సరిగ్గా ఇవ్వరు, సమయమూ ఇవ్వరు. ఇక్కడ కూడా సాయానికి వచ్చేది పాలిమర్లే. పాలియెస్టర్, పాలీఅమైడ్ కలిపి చీల్చిన మైక్రోఫైబర్ దుమ్ము రేణువును తన పోగుల మధ్యకు లాక్కుంటుంది, రంగు మీద ఈడ్చదు. ఇలాంటి అతి సన్నని పోగులకు 1970 ప్రాంతంలో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో దారి వేశాడు. రంగులో కూరుకున్న ఇనుప రజను, సిమెంటు పొడిని లాగేసే క్లే కూడా పాలీబ్యూటీన్ లాంటి మెత్తటి పాలిమర్‌లో సన్నని రాపిడి పొడి కలిపినదే. విశాఖ రేవు చుట్టుపక్కల ఇనుప ఖనిజం, బొగ్గు దుమ్ము మధ్య కారు పెట్టుకునేవాళ్లకు దాని అవసరం తెలుసు. అపార్ట్‌మెంట్ సంఘం తరఫున రెండు బకెట్లు, పది మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక డబ్బా కారు షాంపూ కొనిస్తే అయ్యే ఖర్చు ఒక్క సిరామిక్ కోటింగ్ ఖర్చులో చిన్న వాటా. సెల్లార్‌లోని కార్లన్నిటికీ అంతకన్నా ఎక్కువ మేలు.

ఊళ్లోనే తిరుగుతూ నీడలో నిలిచే కారుకు పాలిమర్ సీలెంట్ చాలు. ముదురు రంగు కారు ఉండి, శుభ్రంగా కడిగే అలవాటు ఉండి, ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లకు సిరామిక్ కోటింగ్ ఖర్చు గిట్టుతుంది. ఐదేళ్ల వారంటీ అంటే ఏటా వాళ్ల దగ్గరే డబ్బు కట్టి చేయించుకునే సర్వీసు మీద ఆధారపడి ఉంటుందా అని ముందే కాగితం చదవాలి. వారానికోసారి విజయవాడ హైవే ఎక్కేవాళ్లు ముందు బంపర్, బానెట్ అంచు, అద్దాల వెనక భాగం, డోర్ అంచుల మేరకు మంచి టీపీయూ వేయించుకుంటే సరిపోతుంది. కారు మొత్తానికీ వేయించడం చాలామందికి అనవసరం. ఏది చేయించినా ముందూ వెనకా మందం కొలిచే మీటరుతో రీడింగ్ తీసి రాయించుకోవాలి. పాలిష్‌లో ఎంత క్లియర్ కోట్ పోయిందో అప్పుడే తెలుస్తుంది.

ఈ రంగంలో జ్ఞానం మనకు దూరంగా ఏమీ లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో సోల్-జెల్ పూతల మీద ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది. సిరామిక్ కోటింగ్ ఆ రసాయనానికి దగ్గరి బంధువే. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో దశాబ్దాలుగా పాలిమర్ పూతల మీద పని జరుగుతోంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. మన ఎండకు, మన బోరు నీళ్లకు ఏ పూత ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక్కడే పరీక్షించి, ఫలితాలను తెలుగులో జనం ముందు పెట్టే పని ఎవరైనా తలకెత్తుకోవాలి. సీసా మీది ప్రకటన తప్ప కొనేవాడికి ఇప్పుడు వేరే ఆధారం చేతికి అందడం లేదు.

ఇంకో మాట ఈ పూతలు వేసే చేతుల గురించి. పెయింటింగ్ షెడ్లలో కొట్టే రెండు డబ్బాల క్లియర్ కోట్‌లో గట్టిపరిచే డబ్బాలో ఉండేది ఐసోసయనేట్. స్ప్రే చేసినప్పుడు దాని తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం రావచ్చు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే తర్వాత కాస్త తగిలినా ఊపిరి బిగుసుకుపోతుంది. వాసన తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది. యూరప్‌లో 2023 ఆగస్టు 24 నుంచి శిక్షణ పొందనివాళ్లు ఈ రసాయనాలతో పని చేయకూడదని నిబంధన వచ్చింది. ఇక్కడ ముఖానికి కట్టుకున్న చేతిరుమాలుతో రోజంతా స్ప్రే గన్ పట్టుకునే కుర్రాళ్లు ప్రతి ఆటోనగర్‌లో కనిపిస్తారు. రుమాలు ఆ తుంపరను ఆపలేదు. ఈసారి కారును రంగుకో పూతకో ఇచ్చేటప్పుడు ధరతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: గాలి బయటికి లాగే బూత్ ఉందా, పని చేసేవాళ్లకు సరైన మాస్క్ ఉందా? ఉన్నచోట నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడే చేయించండి.